బయాప్సీ రిపోర్టు వెంటనే ఎందుకు రాదు?

రక్తపరీక్ష ఫలితం చాలాసార్లు సాయంత్రానికే చేతికొస్తుంది. బయాప్సీకి మాత్రం రోజులు పడతాయి. ఎందుకు?

ఒంట్లోంచి తీసిన ముక్క పాడవకుండా ముందు ఫార్మలిన్‌లో గంటల తరబడి నానాలి. ఇక్కడ తొందరపడితే కణాల ఆకారమే చెడిపోతుంది. తర్వాత ఆల్కహాల్‌తో నీటిని తీసేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనం పట్టిస్తారు. గట్టిపడిన మైనపు దిమ్మెను మైక్రోటోమ్‌తో 3 నుంచి 5 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన! గోరువెచ్చని నీటిపై తేలే ఆ పొరను ముడత పడకుండా గాజు పలక మీదికి ఎత్తడం టెక్నీషియన్ చేతి నేర్పు. ఎంత చూసినా తనివి తీరని పని అది.

పొరకు దాదాపు రంగుండదు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ అద్దితే కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా తేలతాయి. కేంద్రకాలు మరీ పెద్దవయ్యాయా, కణాల వరుస చెదిరిందా అని పెథాలజిస్టు మైక్రోస్కోప్‌లో వెతుకుతారు. అనుమానముంటే మరో రంగు, మరో రోజు. బయాప్సీ అంటే క్యాన్సరేనని బెంగపడకండి. టీబీని పట్టుకోవడానికీ చేస్తారు.