ప్రత్తి నల్లమచ్చ తెగులు: ఆంటీబయాటిక్ మందు లేకుండ నివారణ

వాన వెలిసిన మరునాడు ప్రత్తి చేనిలోనికి వెళ్ళి, ఒక ఆకును త్రుంచి వెలుతురునకు పట్టి చూడుడు. నూనె పడినట్లు తడిసి, ఈనెల నడుమ కోణాకారముగా చిన్న మచ్చలు కానవచ్చినచో అది నల్లమచ్చ తెగులు. క్రమముగా మచ్చలును, ఈనెలును, కొమ్మలును నల్లబడును. కాయకు సోకిన దూది రంగు మారి ధర పడిపోవును. మిరపలో ఆకుమచ్చ తెగులు కలిగించు సూక్ష్మజీవి దీనికి దాయాదియే.

ఈ తెగులునకు మూలము శాంథోమోనాస్ అను బాక్టీరియా. ఇది ఆకునంటి, బంక వంటి జిగురును స్రవించి, ఆ పొర చాటున గుంపుగా కాపురముండును. దీనినే శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అందురు. అంగడి సాసులను చిక్కబరచు శాంథాన్ జిగురు ఈ జాతి బాక్టీరియా నుండి తీసినదే. ఎండ నుండియు, మందు నుండియు ఆ పొర బాక్టీరియాను కాపాడును.

ఈ తెగులుపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడిని చల్లుట చాలకాలముగా వాడుకలో నున్నది. 1943లో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులను బ్రతికించిన మందు. దానిని చేలపై చల్లినపుడు చావక మిగిలిన బాక్టీరియా మందునకు లొంగని గుణమును ఇతర బాక్టీరియాకు కూడ అందించగలదు. రేపు మన ఇంటి మనిషికి జబ్బు చేసిన నాడు ఆ మందు పనిచేయకపోవచ్చును. అందుచే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ పైరులపై దీని వాడకమును మాన్పించుటకు ముసాయిదా ఉత్తర్వును వెలువరించి, 2024 జనవరి 1ని గడువుగా చూపినది.

మరి మనము చేయవలసినదేమి?

1. తెగులు గింజపై నూగు ద్వారా వచ్చును. కంపెనీ పొట్లములలోని విత్తనము సాధారణముగా నూగు తీసియే వచ్చును. సొంత విత్తనమైనచో కిలోకు 100 మి.లీ. గంధకామ్లము చొప్పున ప్లాస్టిక్ తొట్టిలో వేసి, కర్రతో 2, 3 నిమిషములు కలిపి, వెంటనే విస్తారమైన నీటిలో పలుమారులు కడిగి, తేలిన తాలు గింజలను తీసివేసి నీడన ఆరబెట్టవలెను. ఆమ్లము ఒంటిని కాల్చును. చేతి తొడుగులు, కళ్ళద్దములు లేనిదే పూనుకొనరాదు.

2. విత్తుటకు ముందు కిలో గింజలకు 10 గ్రాముల సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ పొడిని పట్టించవలెను. ఇది మేలుచేయు బాక్టీరియా.

3. పాత మోళ్ళను చేనిలో ఉంచరాదు. పైరు మార్పిడి చేయవలెను. ఆకు తడిగా నున్నపుడు చేనిలో తిరుగరాదు.

4. మచ్చలు కనిపించగానే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, ఆకు రెండు వైపులు తడియునట్లు చల్లవలెను.

రాగిని మితిమీరి వాడినను చిక్కే. ఫ్లోరిడా టమాట తోటలలో రాగికి లొంగని శాంథోమోనాస్ పుట్టుకొచ్చినది. అందుచే అక్కడ నిమ్మగజ్జిపై అతి సూక్ష్మమైన జింకు ఆక్సైడు రేణువులను పరీక్షించిరి. రొయ్యల పెంకు నుండి తీయు చిటోసాన్ అను పదార్థము బాక్టీరియా పైపొరను చెరచుటయే గాక, మొక్కలోని ఆత్మరక్షణ శక్తిని మేల్కొల్పును. బాపట్ల, ప్రకాశం తీరములలో రొయ్యలకు కొదువ లేదు గదా! అయినను "నానో" అను పేరు చూచి మోసపోకుడు. డబ్బాపై మీ పైరు పేరు, తెగులు పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నవేమో చూచి మరీ కొనుడు.

గ్రామాధికారులు ఈ సంగతిని రచ్చబండ వద్ద చదివి వినిపింపవలెను. సందేహము కలిగినచో తెగులు సోకిన ఆకును గ్రామ వ్యవసాయ సహాయకునికి గాని, గుంటూరు చెంత లాం పరిశోధన క్షేత్రమున గాని చూపుడు. పైరునకు వేరు మందు దొరకును. క్షయరోగికి కావలసిన మందును చేనిపాలు చేయకుడు.