రికార్డు అను మాటకు రెండర్థములు

అమెరికా దేశమున బేస్‌బాలు ఆట చూడబోయినవారికి ఒక ముచ్చట కానవచ్చును. ఆ యాట తొమ్మిది విడుతలుగా సాగును. ఏడవ విడుత నడుమ ఆటగాండ్రు కొంచెము నిలువగా, చూడవచ్చిన వేలకొలది జనము లేచి, పిల్లలు పెద్దలు అను భేదము లేక, గొంతు కలిసినను కలియకున్నను ఒక పాట పాడుదురు. నన్ను బంతియాటకు తీసికొని పొమ్మని వేడుకొను పాట అది. 1908వ సంవత్సరమున జాక్ నార్వర్త్ అనునతడు మాటలు కూర్చగా, ఆల్బర్ట్ వాన్ టిల్జర్ అనునతడు వరుస కట్టెను. ఇప్పుడు జనము పాడునది పల్లవి మాత్రమే. నిజమునకు దానితోపాటు చరణములు కలవు. ఆ చరణములలో కేటీ కేసీ అను పడుచు కలదు. ఆమెకు బేస్‌బాలు పిచ్చి. ఒక శనివారమునాడు ఆమె ప్రియుడు వచ్చి నాటకమునకు పోవుదమా యని యడుగగా, అది నాకక్కఱలేదు, ఆటకు తీసికొనిపొమ్మని ఆమె బదులు చెప్పును. ఆ బదులే పల్లవి! మీసములు గడ్డములు పెంచిన మగవారు వేలమంది ఆ కేటీ మాటలనే గొంతెత్తి పాడుచు, తాము పాడునది ఒక ఆడుపిల్ల కోరిక యని తలపోయనైన తలపోయరు. పాట నిలిచినది, పాటలోని పిల్ల జారిపోయినది.

పాతపాటలు మఱల అచ్చయి వచ్చినప్పుడెల్ల తెప్పించుకొని వినుటయు, దూరదేశపు ఈ యాట లెక్కలను చదువుటయు మాకు రెండు వ్యసనములు. ఈ రెంటికిని పొత్తేమని వేళాకోళము చేయువారు కలరు. మేము చెప్పు జవాబొక్కటే: రెండింటను ఉన్నది రికార్డే గదా! గ్రామఫోను మీద తిరుగునదియు రికార్డే, ఆటలో ఎవరెంత కొట్టిరని వ్రాసి దాచుకొనునదియు రికార్డే. పాతదానిని దుమ్ము దులిపి బయటికి తెచ్చునపుడు ఎవరు లోపలికి వత్తురు, ఎవరు వెలుపల మిగిలిపోవుదురు అనునదే రెండు చోట్లను మా కుతూహలము.

పూర్వపు గ్రామఫోను ప్లేట్లు లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి మొదలగునవి కలిపి, వేడిమీద అచ్చొత్తెడివారు. ఆ లక్కలో అధికభాగము మన దేశపు అడవులలో చెట్లకొమ్మల మీద పురుగులు కట్టినదే. హైదరాబాదు లాడ్‌బజారులో మనము బేరమాడి కొను లక్కగాజులకును, న్యూయార్కు నగరమున పాట వినిపించిన ప్లేటునకును మూలద్రవ్యమొక్కటే యని తలచినపుడెల్ల మాకు నవ్వు వచ్చును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ ప్లేటు ఒక ప్రక్కన పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. చేయి జాఱినచో గాజువలెనే పగులును. 1942లో యుద్ధమువలన లక్క దుర్లభము కాగా, అమెరికా ప్రభుత్వము ప్లేట్లకు వాడు లక్కను బాగుగా తగ్గించి కట్టడి చేసెను. పాత ప్లేట్లను ఇంటింటను పోగుచేసి, పొడికొట్టి, కొత్తవానిలో కలిపిరి. ఎందఱి గొంతులు ఆ పొడిలో కలిసిపోయినవో! కంపెనీల యొద్ద లోహపు అచ్చులున్న పాటలు బ్రతికినవి. అచ్చు పోయిన పాటకు ఎవరి అటకమీదనో మిగిలిన ఒక్క ప్లేటే దిక్కు. 1948లో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద ప్లేటును తెచ్చిన పిమ్మట పాతపాటలను పదేసి పన్నెండేసి ఒక్కచోట కూర్చి అమ్ముట సులభమయ్యెను.

ఇట్లు మరలివచ్చిన వారిలో మేమెక్కువగా వినునది బెస్సీ స్మిత్ పాట. ఈమె టెన్నెసీ రాష్ట్రమున చట్టనూగా పట్టణమున పుట్టిన నల్లజాతి స్త్రీ. చిన్నతనముననే తల్లిని తండ్రిని పోగొట్టుకొని, అన్న గిటారు మీటగా వీధులలో పాడి నాలుగు కాసులు సంపాదించినది. 1923 ఫిబ్రవరిలో కొలంబియా వారికి ‘డౌన్ హార్టెడ్ బ్లూస్’ అను పాట పాడెను. ఆ పాటను కట్టినవారును స్త్రీలే: అల్బెర్టా హంటర్, లవీ ఆస్టిన్ అనువారు. ప్లేట్లు లక్షలకొలది అమ్ముడుపోయినవి. కాని బెస్సీకి ముట్టినది పాటకింత యని లెక్కకట్టి యిచ్చిన రొక్కము మాత్రమే. అమ్మకములపై రాయల్టీ యను మాట ఆమె ఒప్పందములో లేదు. 1937 సెప్టెంబరు 26న మోటారు ప్రమాదమున గాయపడి మరణించెను. ఫిలడెల్ఫియా నగరములో జరిగిన అంతిమయాత్రకు వేలమంది వచ్చిరి. ఆమె గోరీమీద మాత్రము దాదాపు 33 సంవత్సరములు పేరు చెక్కిన రాయి లేదు.

1970లో రెండు పనులు జరిగినవి. ఆమె పాడిన 160 పాటలను మఱల విడుదల చేయుటకు కొలంబియా వారు పూనుకొనిరి. జాన్ హామండ్, క్రిస్ ఆల్బర్ట్‌సన్ అనువారి పర్యవేక్షణలో జతకు రెండు ప్లేట్లుగా ఐదు జతలు 1972 నాటికి వెలువడినవి. ఆ 1970 ఆగస్టులోనే గోరీమీద రాయి వెలసినది. దానికి సొమ్మిచ్చినవారిద్దఱు. ఒకరు బాల్యమున బెస్సీ యింట పనిపాటలు చేసిన హువానీటా గ్రీన్. రెండవవారు ఆమె పాటలు వినియే పాడ నేర్చితినని చెప్పుకొన్న జానిస్ జాప్లిన్ అను శ్వేతజాతి గాయని. రాయి వెలసిన రెండు నెలలకే, 27వ యేట, ఆ జానిస్ కూడ మరణించుట తలచుకొన్న మనసు చివుక్కుమనును.

ఆ ఐదు జతలను గూర్చి మా అభిప్రాయము నిర్మొగమాటముగా చెప్పవలెనన్న, పాటలన్నియు వదలక కూర్చిరి గనుక మెచ్చవలసినదే, కాని కూర్చిన వరుస మాకు సరిపడలేదు. ఒక ప్లేటున తొలినాటి పాటలు, దానికి జతగా కడపటి పాటలు. అట్లు రెండు కొసలనుండి నడుమకు అల్లుకొని వచ్చిరి. మొదటి జత వినుసరికే పడుచుగొంతు ముదిరిన గొంతైపోవును. 1991 మొదలు కాలక్రమమున కూర్చి సీడీలుగా తెచ్చినది మాకు సుఖముగా నున్నది. ఏటికేడు గొంతు ఎట్లు లోతెక్కెనో తెలియును.

గీఱుడు చప్పుడు తీసివేయుటను గూర్చి రసికులలో పెద్ద తగవు కలదు. కొందఱు చప్పుడు లవలేశమును ఉండరాదందురు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమిన మెఱయును. నిత్యము ఇసుకవేసి తోమినచో చెక్కిన పువ్వులే అరిగిపోవును. 1925 జనవరిలో బెస్సీ ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ పాడినపుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ బూర ఊదగా, ఫ్రెడ్ లాంగ్‌షా హార్మోనియము వాయించెను. మైక్రోఫోను ఇంకను రాలేదు. పెద్ద గరాటువంటి కొమ్ముకెదురుగా నిలిచి పాడవలసినదే. అందలి హార్మోనియము మన హరికథలలో వలె సాగదీసి శ్రుతి పట్టును. చప్పుడు మితిమీఱి తీసిన ప్రతులలో ఆ హార్మోనియపు ఊపిరియే పోయినది. కావున కొంత గరగర యున్న ప్రతినే మేము కొనుమందుము. ఒకే పాటను రెండు మూడు మారులు పాడిన ప్రయత్నములన్నిటిని చేర్చి సంపుటమును లావెక్కించు వాడుక యొకటి బయలుదేఱినది. పండితులకు అవి ఉపయోగించునేమో. మాకు మాత్రము ఒకే పూట ఒకే పప్పు మూడు మారులు వడ్డించినట్లుండును.

ఇక ఆట రికార్డుల మాట. బేస్‌బాలున ఒకడు బంతి విసరగా వేఱొకడు గుండ్రని కఱ్ఱతో కొట్టి, నాలుగు మూలలు చుట్టి వచ్చినచో ఒక పరుగు. క్రికెట్టు ఉన్న యిండ్లవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు. వేయిమారులు బ్యాటు పట్టినచో ఎన్ని మారులు చక్కగా కొట్టగలడు అను లెక్కకు అచట గొప్ప విలువ. 1905 మొదలు 1928 వఱకు ఆడిన టై కాబ్ అనునతడు వేయింట 367 చొప్పున కొట్టి, తరతరములుగా అగ్రస్థానమున నుండెను.

అయితే ఆ పుస్తకమున ఎక్కుటకు ముందు మైదానమున అడుగు పెట్టవలెను గదా! 1880 ప్రాంతము నుండి 1947 వఱకు నల్లజాతివారిని పెద్ద లీగులలో ఆడనీయలేదు. అట్టి నిషేధము కాగితముమీద లేదు, అందఱును పాటించిరి. 1920లో రూబ్ ఫాస్టర్ అనునతడు కాన్సస్ సిటీలో తోటి యజమానులను కూర్చి నీగ్రో నేషనల్ లీగును స్థాపించెను. ఆ నాటి పేరది. తరువాత మఱికొన్ని లీగులు వెలసినవి. వానిలో ఆడిన జాష్ గిబ్సన్‌ను మించి బంతి కొట్టినవాడు లేడని చూచినవారి మాట. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో ఆడి ఆ నిషేధమును బద్దలు కొట్టెను. గిబ్సన్ దానిని చూడలేదు. అంతకు మూడు నెలల ముందే, జనవరి 20న, 35 ఏండ్లకే మరణించెను. పిట్స్‌బర్గులో అతని గోరీకిని 1975 వఱకు గుర్తు లేదు. బెస్సీ గోరీ సంగతి చదివినవారికి ఇచట మేము వేఱే వ్యాఖ్య చేయనక్కఱలేదు.

2020 డిసెంబరులో మేజర్ లీగువారు 1920 మొదలు 1948 వఱకు నడచిన ఏడు నీగ్రో లీగులును తమతో సమానమైన పెద్ద లీగులేయని ఒప్పుకొనిరి. 2024 మేలో 2,300 మందికి పైగా ఆటగాండ్ర లెక్కలు ప్రధాన పుస్తకమున చేరినవి. గిబ్సన్ వేయింట 372తో టై కాబ్‌ను దాటెను. ఈ లెక్కలు ఎక్కడనుండి వచ్చినవందురా? నల్లజాతివారు నడపిన ‘పిట్స్‌బర్గ్ కొరియర్’, ‘షికాగో డిఫెండర్’ వంటి పత్రికలలో ఆటకొకటిగా అచ్చయిన పట్టికలనుండి. ఓపికగల పరిశోధకులు ఏండ్ల తరబడి వానిని వెదకి కూడినారు. అయినను నాలుగింట మూడు వంతులే దొరకినట్లు అంచనా.

దీనిమీద గొణుగువారు గలరు. ఆ లీగులవారు ఏటేట ఆడిన లీగు ఆటలు తక్కువ. పెద్ద లీగులవారు 154 ఆడెడివారు. ఈ రెండింటిని ఎట్లు సరిపోల్చుట యని వారి వాదము. ఆటలు తక్కువైనది ఎవరి మూలమున? తలుపు మూసినవారే, లోపలికి ఏల రాలేదని అడుగుట మాకు వింతగా తోచును. కాని వేఱొక విషయమున ఆ పుస్తకము కూర్చినవారిని మేము మెచ్చుకొందుము. గిబ్సన్ దాదాపు 800 హోమ్ రన్‌లు కొట్టెనని అతని స్మారకఫలకముమీద చెక్కియున్నది. కొత్త పుస్తకమున ఎక్కినవి 174. ఊరూర తిరిగి ఆడిన పందెపు ఆటలు లెక్కకు రావు. పట్టిక దొరకని ఆటలును రావు. అభిమానముకొలది సంఖ్య పెంచలేదు. పగిలిపోయిన ప్లేటులోని పాటను వేఱొకరిచేత పాడించి ఇదే బెస్సీ యనరాదు గదా.

ఇంతవఱకు సంతోషమే. ఇచటనే మాకొక కినుక యున్నది. 1953లో టోనీ స్టోన్ అను స్త్రీ ఇండియానాపొలిస్ క్లౌన్స్ జట్టున రెండవ బేసువద్ద, మగవారితో సమానముగా, నీగ్రో అమెరికన్ లీగులో ఆడెను. ఆమె వెంబడి కానీ మోర్గన్, మేమీ జాన్సన్ అనువారును ఆ జట్టున చేరిరి. మేమీ బంతి విసరునది. ఆమె పొట్టితనము చూచి ఒకడు వేరుసెనగగింజ యని వెక్కిరింపగా, ఆ పేరునే బిరుదుగా పెట్టుకొని ఆడెను. శ్వేతజాతి స్త్రీలకు 1943 మొదలు 1954 వఱకు వేఱే లీగు నడచినది. అందు నల్లజాతివారిని చేర్చుకొనలేదు. మేమీ ఆశతో పోయి తిరిగివచ్చినదే. అట్టి ముగ్గురును ఇప్పటి పుస్తకమున లేరు. ఏలయనగా లెక్క 1948తో ఆగినది. రాబిన్సన్ తరువాత మేటి ఆటగాండ్రు పెద్ద లీగులకు తరలిపోగా నీగ్రో లీగుల బలము తగ్గినదను కారణము అబద్ధము కాదు. కాని గీత ఎక్కడ గీచినను ఆడువారు దాని ఆవలనే పడుట మాకు అలవాటైన విద్య. అసలు పుస్తకమున కలుపకున్న మానె, తరువాతి యేండ్లకు అనుబంధముగానైన నాలుగు పుటలు వేయవచ్చును గదా యని మా మనవి.

ఆ లీగుల కథలో ఇంకొక స్త్రీ కలదు. ఆమెను మాత్రము మఱువలేదు. నూవార్క్ ఈగిల్స్ జట్టును భర్తతో కూడి నడపిన ఎఫా మాన్లీ. 1946లో ఆ జట్టే విజేత. రాబిన్సన్ వెనుక పెద్ద లీగులవారు నల్లజాతి ఆటగాండ్రను పిలుచుకొని పోవుచు, వారిని తయారుచేసిన జట్లకు తఱచు చిల్లిగవ్వ యైన ఈయరైరి. ఎఫా మాన్లీ ఊరుకొనక అచ్చులోను ముఖాముఖిని నిలదీసెను. 1947లో లారీ డోబీని క్లీవ్‌లాండువారు తీసికొనినపుడు 15,000 డాలర్లు రాబట్టెను. బెస్సీకి ఇట్టి దొరసాని యొకతె వెనుక నిలిచియున్నచో రాయల్టీ సంగతి ఎట్లుండెడిదోయని మేము తఱచు అనుకొందుము. 2006లో బేస్‌బాలు కీర్తిమందిరమున చేరిన మొదటి స్త్రీ ఎఫా మాన్లీయే.

గిబ్సన్ లెక్కలు పుస్తకమెక్కిన 2024లోనే, జనవరి 1న, అమెరికా చట్టము ప్రకారము 1923 నాటి రికార్డుల హక్కుల గడువు తీఱినది. బెస్సీ తొలి ప్లేటును అచట ఇప్పుడు ఎవరైనను అచ్చు వేసి వినిపింపవచ్చును. 1923కు ముందటివన్నియు 2022లోనే విడుదలైనవి. వానిలో 1908లో ఎడ్వర్డ్ మీకర్ ఎడిసన్ కంపెనీకి మైనపు గొట్టముమీద పాడిన ఆ బంతియాట పాటయు కలదు. గరగర మెండుగానే యున్నది. నిడివి సుమారు రెండు నిమిషములు. అందు పల్లవికి ముందు కేటీ కేసీ ఉన్నది, ప్రియునితో నాటకము వలదనుచున్నది.