హ్యాంగర్‌కూ అద్దె ఉంటుంది

“పాత పట్టుచీరలు కొంటాం” అని మైకులో అరుచుకుంటూ వీధిలోకి బండి వస్తుంది. ఆ చీర ఏ ఊరి నేతో, ఎవరి పెళ్లికి కొన్నదో బండివాడికి అక్కర్లేదు. జరీలో వెండి ఎంతుందో చూసి ధర కడతాడు. చివరికి చీర కాలి బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. నాలుగుసార్లు కట్టి మడత పెట్టిన చీరకు అది మరీ అన్యాయమైన ముగింపు. బీరువాకూ ఆ బండికీ మధ్య ఓ చిన్న అంగడి పెడితే నడుస్తుందా అని ఈ మధ్య ఒకరిద్దరు నన్ను అడిగారు. నడుస్తుంది, కాకపోతే కొత్త చీరల కొట్టు లెక్క ఇక్కడ పనికిరాదు.

ముందు పద్ధతి చూద్దాం. ఇలాంటి అంగడిని కన్‌సైన్‌మెంట్ షాపు అంటారు. మన మాటల్లో అమ్మిపెట్టే కొట్టు. చీర తెచ్చినావిడకు మీరు ముందుగా డబ్బేమీ ఇవ్వరు. అమ్ముడైతే ఆమెకు ఒక వాటా, మీకు ఒక వాటా. అమ్ముడయ్యేదాకా చీర ఆమెదే. ఈ కథనంలో ఆమెకు 60, మీకు 40 శాతం అనుకుందాం.

ఒకరు కట్టి విడిచిన చీర ఎవరు కొంటారని మీకు అనిపించవచ్చు. విడిచిన బట్ట అనే పట్టింపు మనలో ఉన్నదే. ఆ పట్టింపు ఉన్నవాళ్లతో వాదించకండి, వాళ్లు మీ గిరాకీ కాదు. పెళ్లికి కట్టుకోవడానికి 9,000 పెట్టలేక 3,000 పెట్టగలిగినవాళ్లు మీ గిరాకీ. పైగా చీరకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: సైజు లేదు. కుర్తీలు వంద వేలాడదీసినా ఒక మనిషి ఒంటికి సరిపోయేవి పదో పదిహేనో ఉంటాయి. అయిదున్నర మీటర్ల చీర ఎవరికైనా చీరే. చిక్కంతా జాకెట్టుతోనే. జాకెట్టు ముక్కను మొదటావిడ ఎప్పుడో కుట్టించేసుకుని ఉంటుంది. అందుకని పక్కనే నాలుగు రంగుల్లో రెడీమేడ్ జాకెట్లు పెట్టండి. చీర నచ్చి, జాకెట్టు లేదని వెనక్కి పెట్టేసేవాళ్లు ఆగుతారు.

ఇప్పుడు అసలు లెక్క. గది అద్దె 12,000, సాయానికి ఒక అమ్మాయి జీతం 10,000, కరెంటు వగైరా 2,000 అనుకుంటే నెలకు 24,000. గదిలో 300 హ్యాంగర్లు పడతాయనుకుందాం. అంటే ఒక్కో హ్యాంగర్‌కు నెలకు 80 రూపాయల అద్దె, రోజుకు సుమారు 2 రూపాయల 70 పైసలు. రెండు రోజులు వేలాడితే పోయేది అయిదారు రూపాయలే, ఏముంది అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

ఒక చీరకు 3,000 రాసి పట్టుదలగా కూర్చున్నారు. ఆరు నెలలకు అమ్ముడైంది. మీ వాటా 1,200, హ్యాంగర్ అద్దె 480, మిగిలింది 720. అదే చీర 2,000కే నెల తిరిగేలోగా పోయిందనుకోండి. వాటా 800, అద్దె 80, మిగిలింది 720. రెండు చోట్లా అదే సొమ్ము! తేడా అల్లా, రెండో దారిలో ఆ హ్యాంగర్ ఇంకో అయిదు నెలలు ఖాళీగా మీ చేతిలో ఉంటుంది. ఆ అయిదు నెలల్లో దాని మీద ఇంకో రెండు చీరలే అదే ధరకు పోయినా మొత్తం 1,920 మిగులుతుంది. పాత సరుకు వ్యాపారంలో లాభం ధర పెంచినందువల్ల కన్నా హ్యాంగర్ త్వరగా ఖాళీ అయినందువల్ల ఎక్కువ వస్తుంది.

రోజుకు ఎన్ని అమ్మాలి? చీరకు సగటున 800 వాటా వస్తే 24,000 ఖర్చుకు 30 చీరలు, అంటే రోజుకొకటి. ఆ ఒకటీ ఇంటి ఓనరుకూ, అమ్మాయి జీతానికీ, కరెంటు బిల్లుకూ సరి. రెండో చీర నుంచి మీ జీతం మొదలవుతుంది.

అయితే చీర తెచ్చినావిడ ధర తగ్గించనిస్తుందా? తర్వాత అడిగితే ఒప్పుకోదు, ముందే కాగితం మీద రాస్తే ఒప్పుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ధర తగ్గించే ఈ పద్ధతి పాతదే. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1909లో ఎడ్వర్డ్ ఫైలీన్ తన కొట్టు కింది అంతస్తులో మిగులు సరుకు అమ్మడానికి ఇలాగే మొదలుపెట్టాడు. 12 రోజులు దాటితే ధరలో 25 శాతం, 18 దాటితే 50, 24 దాటితే 75 దానంతటదే తగ్గేది. 30 రోజులకీ పోకపోతే దానధర్మాలకు ఇచ్చేసేవాడు. కావాలనుకున్నది ఇంకా తగ్గేదాకా ఆగాలా, ఈలోగా ఎవరైనా ఎత్తుకుపోతారా అన్న ఆరాటమే జనాన్ని అక్కడికి రప్పించింది. మనకు అంత వేగం అక్కర్లేదు. మొదటి 30 రోజులు పూర్తి ధర, తర్వాత 15 రోజులు 20 శాతం తక్కువ, ఆ పై 15 రోజులు 40 శాతం తక్కువ చాలు. 3,000 చీర 2,400కూ, ఆనక 1,800కూ దిగుతుంది. ఆవిడ వాటా 1,800 నుంచి 1,440, తర్వాత 1,080. ఈ మూడు అంకెలూ చీర తీసుకునేటప్పుడే రసీదు మీద రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. ట్యాగు రంగు నెలనెలా మారిస్తే ఏ చీర ఎన్నాళ్లుగా వేలాడుతోందో గుమ్మంలోంచే తెలుస్తుంది.

ఇక చూపించే తీరు. పాత చీరను మొదట పట్టించేది కలరా ఉండల వాసన. తెచ్చిన చీరను రెండు రోజులు నీడలో గాలికి ఆరేశాకే లోపల పెట్టండి. కొత్త చీరల కొట్టులోలా మడతపెట్టి దొంతరలు పేర్చవద్దు. కొంగు ముందుకు, అంచు కనబడేలా హ్యాంగర్‌కు వేయాలి. మడత విప్పితే ఎక్కడ చిరిగి ఉంటుందోనన్న అనుమానం అప్పుడే పోతుంది. మన ఆడవాళ్లు ఏ చీరనైనా గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండ వెలుతురులో చూడందే కొనరు, కాబట్టి పెద్ద అద్దం గుమ్మం పక్కనే ఉండాలి. పసుపు దీపాల కింద మరక దాచాలని చూస్తే ఆ గుమ్మం దగ్గర పట్టుబడతారు. దానికన్నా ట్యాగు మీద మీరే రాయండి: “కుచ్చిళ్ల దగ్గర నూనె చుక్క, కట్టుకుంటే కనబడదు.” లోపం తామే చెప్పే కొట్టువాళ్లు మిగతా చీరల గురించి చెప్పింది కూడా జనం నమ్ముతారు.

ప్రచారానికి వాట్సాప్ స్టేటస్ సరిపోతుంది, రోజుకు అయిదు చీరలకు మించకుండా. ఆషాఢంలో కొత్త చీరల కొట్లే తగ్గింపులు పెడతాయి, వాటితో పోటీ పడకండి. ఆ నెల చీరలు సేకరించుకుని, శ్రావణం వరలక్ష్మీ వ్రతం ముందు పట్టు బయటికి తీయండి.

పన్ను సంగతి ఒక్క మాట. వాటా మీద కాక మీరే సొంతంగా కొని అమ్మే పాత సరుకుకు జీఎస్టీలో మార్జిన్ పద్ధతి ఉంది. రిజిస్టరైన వ్యాపారి, కొన్నప్పటి పన్నును జమ చూపుకోకుండా ఉంటే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను కడతాడు. వెయ్యికి కొని 1,500కు అమ్మితే లెక్కలోకి వచ్చేది 500 మాత్రమే. 5 శాతం చొప్పున 25 రూపాయలు. మొత్తం మీద వేస్తే 75 అయ్యేది.

అరవై రోజులకీ పోని చీర? ఆవిడకు ఫోన్ చేయండి. పదిహేను రోజుల్లో వచ్చి తీసుకెళ్లకపోతే ఏమవుతుందో కూడా రసీదులోనే ఉండాలి. గుమ్మం ముందు ఒక బుట్ట, దాని మీద “ఏది తీసుకున్నా 499” అని అట్టముక్క. చీర ఆ బుట్టలో పడుతుంది, పైన హ్యాంగర్ ఖాళీ అవుతుంది.