మొగ్గ తొడిగే కణపొర: హెచ్.ఐ.వి. నిర్మాణంలో గ్యాగ్ ప్రోటీన్

కొత్త హెచ్.ఐ.వి. రేణువు ఆతిథేయ కణం నుండి వెలువడే ప్రక్రియను తెలుగులో ‘మొగ్గ తొడగడం’ అనవచ్చు. అయితే ఇక్కడ కణపొర తనంత తానుగా వంగదు. దానిని వంచేది గ్యాగ్ అనే వైరస్ ప్రోటీన్.

గ్యాగ్ ఒక కొనకు మిరిస్టిక్ ఆమ్లమనే కొవ్వు అతుక్కొని ఉంటుంది. అది కణపొర లోపలి పార్శ్వంలోకి చొచ్చుకొంటుంది. దాని పక్కనున్న ధనావేశిత భాగం పొరలోని ఋణావేశిత కొవ్వులను పట్టుకొంటుంది. ఇలా చేరిన అణువులు ఆరేసి చొప్పున కూడి, వంపు తిరిగిన అల్లికగా ఏర్పడతాయి. ఆ వంపును అనుసరించి పొర వెలుపలికి ఉబ్బుతుంది.

కాని తొడిమను తెంచే శక్తి గ్యాగ్‌కు లేదు. దాని చివరనున్న పి6 భాగం కణానికి చెందిన ఎస్కార్ట్ ప్రోటీన్లను రప్పిస్తుంది. కణవిభజన చివర పిల్లకణాలను వేరుచేసేవీ ఇవే. పి6 లోపిస్తే రేణువులు చాలావరకు కణాన్నే అంటిపెట్టుకొని ఉంటాయి.

కనుక ‘మొగ్గ’ అన్న పదం ఆకృతిని చూపినా కర్తను మరుగుపరుస్తుంది: వంచేది వైరస్, తెంచేది కణం. ఈ భేదం ఔషధ పరిశోధనకూ కీలకం. తెంపును అడ్డుకొనే మందు కణవిభజనకూ చేటు చేయవచ్చు. 2022లో అమెరికాలో ఆమోదం పొందిన లెనకాపవిర్ వైరస్ సొంత భాగమైన క్యాప్సిడ్‌నే లక్ష్యంగా చేసుకొంటుంది.