భిక్షువుల కట్టుబాట్ల గ్రంథాలు

మఠాల్లో, విహారాల్లో కలిసి బతికే సన్యాసులు ఎప్పుడు లేవాలి, ఏం కట్టుకోవాలి, ఎలా తినాలి అన్నది రాసిపెట్టుకున్న గ్రంథాలు చాలా మతాల్లో ఉన్నాయి. ఐరోపా క్రైస్తవ మఠాలకు 6వ శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి ఉంది. అందులో లేని నిత్యాచారాల కోసం క్లూనీ వంటి మఠాలు విడిగా పుస్తకాలు రాసుకున్నాయి. బౌద్ధులకు ఆ గ్రంథం వినయపిటకం.

పాళీ వినయం ప్రకారం భిక్షువులకు 227 నియమాలు, భిక్షుణులకు 311. ఈ నియమాల పాఠాన్ని పాతిమోక్ఖం అంటారు. పున్నమికీ అమావాస్యకూ సంఘం ఒకచోట కూడి దాన్ని వల్లిస్తుంది. సంఘం నుంచి వెలివేసే తప్పులతో మొదలై, చివరికొచ్చేసరికి కూర్చోవడం, నడవడం, తినడం గురించిన 75 మర్యాదల దాకా దిగుతుంది. తినేటప్పుడు చేయకూడని చప్పుళ్లు అందులో రెండున్నాయి: చపుచపు, సురుసురు. తెలుగువాళ్లకు వీటి అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు.

వినయం మీద ఆంధ్రదేశానికి సొంత వ్యాఖ్యానం ఒకటుండేది. దాని పేరు అంధక అట్ఠకథ. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. బుద్ధఘోషుడిదిగా చెప్పే సమంతపాసాదిక అనే వినయ వ్యాఖ్య శ్రీలంక మహావిహార సంప్రదాయానిది. అది అంధక అట్ఠకథ అభిప్రాయాలను అక్కడక్కడ ప్రస్తావిస్తుంది, పలుచోట్ల కాదంటుంది. ఆంధ్ర భిక్షువుల మాట ప్రతివాది నోటనే మిగిలిందన్నమాట. ఆంధ్ర, సింహళ భిక్షువులకు ముఖపరిచయం లేకపోలేదు. నాగార్జునకొండ శాసనాల్లో సింహళ విహారం పేరు కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఈ కట్టుబాట్ల జాడ రాతి మీద ఉంది. హైటెక్ సిటీకి నగరం ఆవలి వైపు, మూసీ దగ్గర చైతన్యపురిలో నరసింహస్వామి గుడి ఉన్న గుట్టబండ మీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం చెక్కారు. విష్ణుకుండిన రాజుల కాలం నాటిదని భావించే ఆ శాసనం గోవిందరాజ విహారాన్నీ, పిండపాతికులనూ పేర్కొంటుంది.

పిండపాతికుడంటే ఇంటింటా ఎత్తిన భిక్షతోనే బతుకుతానని వ్రతం పట్టినవాడు. బుద్ధఘోషుడి విసుద్ధిమగ్గం చెప్పే 13 ధుతాంగాల్లో, అంటే ఐచ్ఛికంగా పూనే కఠిన నియమాల్లో, ఇది మూడోది. సంఘానికి పెట్టే భోజనం, పిలిచి పెట్టే భోజనం, శలాక భోజనం అతనికి పనికిరావు. శలాక అంటే చీటీలా పంచే పుల్ల. మాదాపూర్ ఆఫీసుల ఫుడ్ కూపన్‌కు ముత్తాత అనుకోవచ్చు. అయితే గ్రంథం ఒక వెసులుబాటు ఇచ్చింది. "సంఘ భోజనం స్వీకరించండి" అంటే ఒప్పుకోకూడదు. "మా ఇంట సంఘం భిక్ష తీసుకుంటోంది, మీరూ భిక్ష తీసుకోండి" అంటే ఒప్పుకోవచ్చు. వ్రతాన్ని గట్టిగా పట్టినవాడు ఈరోజు కూర్చోబెట్టి తెచ్చిపెడతామన్నా వద్దంటాడు. మెత్తగా పట్టినవాడు రేపటికీ, ఎల్లుండికీ కూడా ఒప్పుకుంటాడు.