చెయ్యేటి తీరమును ఒకే చట్రములో చూచుట

ఛాయాచిత్రమనగానే మనకు ముఖములు, ఉత్సవములు స్మృతికి వచ్చును. ఒక ఊరు ఏటికి ఎంత చేరువలో నున్నదో చూపుట కూడ దాని పనియే. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, మన రాజంపేట మండలములోని పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామములను వరద ముంచెత్తినది. కూలిన గోడను ఒక చిత్రములోను, ఇసుక మేటను వేరొక చిత్రములోను చూపినచో, ఏటికిని ఊరికిని గల దూరము చూపరులకు బోధపడదు.

అట్టి విశాల దృశ్యమును ఒకే చట్రములో పట్టుటకు పనికివచ్చు కెమెరాలలో ఒకటి ఎక్స్‌పాన్. హాసెల్‌బ్లాడ్, ఫ్యూజీ సంస్థలు కలిసి దీనిని 1998లో వెలువరించినవి. 2006లో తయారీ ఆగినది. నేడు లభించునవి పాతవే. సాధారణమైన 35 మి.మీ. ఫిల్మే దీనికి చాలును. మామూలు చిత్రము వెడల్పు 36 మి.మీ. కాగా, దీనిలో 65 మి.మీ.; ఎత్తు మాత్రము అదే 24 మి.మీ. కనుక 36 చిత్రముల చుట్టలో 21 మాత్రమే వచ్చును.

ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా. దీనిలో కటకము గుండా గాక, ప్రక్కనున్న చిన్న గవాక్షము గుండా చూతుము. దాని నడుమ వస్తువు రెండు బొమ్మలుగా కనబడును. కటకపు వలయమును త్రిప్పగా ఆ రెండును ఏకమైనచో దూరము కుదిరినట్లే. కటకపు మూత తీయకున్నను దృశ్యము చక్కగనే కనబడును. ఆ జాగ్రత్త మనదే! కెమెరాను వాలనీయరాదు, వాలినచో ఇండ్ల గోడలు ఒరిగినట్లు తోచును.

రంగుల నెగెటివు అధికమైన వెలుతురును కొంత సహించును గాని, కొరతను సహింపదు. నీడలో నమోదు కానిదానిని పిమ్మట ఎవరును తేలేరు. మన సీమ ఎండలో చింతచెట్టు నీడ నల్లని మచ్చగా మిగులకుండుటకు, 400 వేగము గల ఫిల్మునకు మీటరును 200 వద్ద నిలుపుట మేలు. ఫిల్మును కడుగుటకు ఇచ్చునపుడు కత్తిరింపవద్దని చెప్పవలెను. మామూలు కొలతకు కోసినచో చిత్రము రెండు ముక్కలగును.

కడిగిన నెగెటివు నారింజ రంగుతో నుండును. అది దోషము కాదు; రంగు ద్రవ్యముల లోపమును సవరించుటకు తయారీలోనే కల్పించిన ఏర్పాటు. స్కానింగులో దానిని తొలగించి, రంగులను తారుమారు చేయుదురు. 36 మి.మీ. చట్రమునకే అమరిన స్కానరు అంచులను కోసివేయును గనుక, వెడల్పు ఫిల్మును పట్టు స్కానరును వాడవలెను. అంగుళమునకు 2,400 చుక్కల చొప్పున స్కాను చేసినచో సుమారు 6,140 చుక్కల వెడల్పు, 2,270 చుక్కల ఎత్తు గల చిత్రము లభించును.

స్కాను చేసితిమని నెగెటివును పారవేయరాదు. చల్లని, పొడియైన చోట దాచినచో రేపు ఇంతకన్న మేలైన యంత్రముతో మరల స్కాను చేయవచ్చును. విద్యార్థి మిత్రులారా! ఏటేట వానలకు ముందు, ఒకే చోట నిలిచి, చెయ్యేటిని ఊరితో కూడ ఒక్క చిత్రము తీయుడు. ఏరు ఎటు జరుగుచున్నదో, ఊరు ఎటు పెరుగుచున్నదో ఆ వరుసయే చెప్పును.