జంట సూర్యుల పసి గ్రహము

తెలుగువారి పెండ్లిండ్లలో వధూవరులకు అరుంధతీ నక్షత్రమును చూపు ఆచారము కలదు. సప్తర్షి మండలమున వసిష్ఠుని ప్రక్కనే మినుకుమినుకుమను చిన్న చుక్కయే అరుంధతి. దూరదర్శినితో చూచినచో వసిష్ఠుడే రెండు నక్షత్రములుగా కన్పట్టును. ఇట్లు పరస్పరాకర్షణకు లోబడి, ఒకదానినొకటి విడువక తిరుగుచుండువానిని జంట నక్షత్రము లందురు. మన సూర్యుడు ఒంటరివాడు. కాని ఆకాశమున ఇట్టి జంటలు లెక్కకు మిక్కిలిగా నున్నవి.

నక్షత్రము పుట్టునప్పుడు దాని చుట్టును వాయువును ధూళియు పళ్లెమువలె పరచుకొని తిరుగుచుండును. ఆ ధూళి కణములు కూడి, ముద్దకట్టి, క్రమముగా గ్రహములగును. అయితే ప్రక్కనే మరియొక నక్షత్రమున్నచో దాని యాకర్షణ ఈ పళ్లెమును కలచివేయును. దాని యంచులను త్రుంచివేయును. అట్టి చోట గ్రహము పుట్టగలదా? పుట్టినచో పసితనమున అది ఎట్లుండును?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పదగిన జంట యొకటి దక్షిణాకాశమున కలదు. దాని పేరు డీ.ఎస్. టుకానే. అది మనకు సుమారు 144 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అందలి రెండు నక్షత్రముల నడిమి దూరము, భూమికిని సూర్యునికిని గల దూరమునకు నూటయేబది రెట్లకు మించినది. 2018లో అమెరికా దేశము ప్రయోగించిన టెస్ అను ఉపగ్రహము, వీనిలో పెద్దదాని వెలుగు 8 దినముల కొకసారి వెయ్యింట సుమారు మూడు పాళ్లు తగ్గుటను గుర్తించెను. దీపము ముందు పురుగు ఎగిరినట్లు, ఒక గ్రహము దానికి అడ్డముగా పోవుచుండుటయే అందుకు కారణము. 2019లో శాస్త్రజ్ఞులు ఈ విషయమును ప్రకటించిరి. ఆ గ్రహము భూమికి ఐదు రెట్లకు పైగా వెడల్పు గలది. అంత దగ్గరగా తిరుగు అంతటి గ్రహములు ముదిరిన నక్షత్రముల యొద్ద అరుదు. కావున నక్షత్రపు వేడికి దీని వాయువు కాలక్రమమున ఎగిరిపోయి, ఇది కుంచించుకొనిపోవచ్చునని పండితుల యూహ.

ఈ జంట వయస్సు సుమారు 4 కోట్ల 50 లక్షల సంవత్సరములు. సూర్యుని వయస్సు 460 కోట్ల సంవత్సరములు. సూర్యుని యాభై యేండ్ల మనిషిగా భావించినచో, ఇది ఆరు నెలల పసిపాప యన్నమాట!

నక్షత్రమునకు జాతకము లేదు గదా, వయస్సు తెలియుట యెట్లు? ఒకే మేఘమున పుట్టిన నక్షత్రములు చెదరిపోయిన పిమ్మటను చిరకాలము ఒకే దిక్కునకు, ఒకే వేగముతో సాగుచుండును. సప్తర్షులలో ఐదుగురు అట్టి తోబుట్టువులే. డీ.ఎస్. టుకానేకును అట్టి బంధువర్గము కలదు. వర్గమంతటిని పరీక్షించి, అందలి ప్రతి నక్షత్రపు వయస్సును నిర్ణయింతురు. కాని ఈ నడక మిక్కిలి సూక్ష్మమగుటచే, దానిని సరిగా కొలుచుటకు నేటి స్థానమును చాల యేండ్ల నాటి స్థానముతో పోల్చవలయును.

ఆ పాత లెక్కలలో కొంత భాగము సికింద్రాబాదు ప్రక్కనున్న బేగంపేటలో వ్రాయబడినది. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల తరువాతి కాలమున అచ్చటికి మారినది. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములు తీసి పట్టిక వ్రాయుటకు 1887లో పారిస్ నగరమున ఒక మహాసంకల్పము జరిగెను. పలు దేశముల వేధశాలలు ఆకాశమును పంచుకొనెను. నిజామియా వంతునకు దక్షిణమున 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల పట్టీ వచ్చెను. పోకాక్, టి. పి. భాస్కరన్ గార్ల ఆధ్వర్యమున 1914 మొదలు ఈ పని సాగెను. పిమ్మట ఉత్తరాకాశమున మరియొక పట్టీయు చేరెను. రాత్రి గాజుపలకపై చిత్రము తీయుట, పగలు దానిపై ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి వ్రాయుట — ఇట్లు లక్షల కొలది కొలతలు జరిగెను.

డీ.ఎస్. టుకానే యున్న భాగము బేగంపేట వంతు కాదు. అది ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ వేధశాలది. అయినను అందరి పట్టికలును ఒకే గ్రంథమునకు పుటలవంటివి. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, యూరపు వారి ఉపగ్రహము కొలిచిన స్థానములను ఈ పాత స్థానములతో పోల్చి, 25 లక్షల నక్షత్రముల నడకను తెలిపెను.

సూర్యునివంటి నక్షత్రము చుట్టును తిరుగు పరాయి గ్రహము మొదట కనుగొనబడినది 1995లో. బేగంపేటలో పలకలు కొలిచిన వారికి అట్టి గ్రహ మొక్కటియు తెలియదు. తమ లెక్క యెవరికి, ఎప్పుడు, దేనికి పనికివచ్చునో వారెరుగరు. అయినను ప్రతి చుక్కను సరిగా కొలిచిరి. నక్షత్రముల తోబుట్టువులను వెదకువారికి ఆ కొలతలు నేడును పనికివచ్చుచున్నవి.